పేరు పేరునా: ఏ గోపీచంద్? ఏ సుబ్బారావు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే చిక్కు. పేరు ఒకటి, మనుషులు వేరు. ఒకరి ఘనత ఇంకొకరి ఖాతాలో పడకూడదన్న తపన ప్రతి ఉత్తరంలోనూ కనిపించింది. అందుకే ఈ శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాం.

ప్రశ్న: రావిశాస్త్రి గారి కథల మీద సెమినార్ పేపర్ రాస్తున్నాను. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో పేరు కొడితే వరసపెట్టి క్రికెట్ కబుర్లే వస్తున్నాయి. ఇద్దరిదీ ఒకటే పేరా?
– డిగ్రీ విద్యార్థిని, సీతమ్మధార

జవాబు: ఒకటి కాదమ్మా. దీర్ఘం తేడా ఉంది, ఆ దీర్ఘంలోనే సంగతంతా ఉంది. క్రికెటర్ పూర్తి పేరు రవిశంకర్ జయద్రిత శాస్త్రి. 1962లో బొంబాయిలో పుట్టారు. ఆయనకు ‘రవి’ పెట్టిన పేరులోంచి వచ్చింది, ‘శాస్త్రి’ ఇంటిపేరు. మన రావిశాస్త్రి అంటే రాచకొండ విశ్వనాథశాస్త్రి. 1922లో శ్రీకాకుళంలో పుట్టారు, విశాఖలో వకీలుగా పనిచేశారు, 1993లో కన్నుమూశారు. రాచకొండలో ‘రా’, విశ్వనాథలో ‘వి’ తీసి శాస్త్రికి కలిపితే రావిశాస్త్రి. ఇంటిపేరూ పెట్టిన పేరూ ఆ రెండక్షరాల్లోనే దాగి ఉన్నాయి. ‘రవిశాస్త్రి’ అని రాశారంటే ఇంటిపేరు ఎగిరిపోయినట్టే.

ఇంగ్లీషు అక్షరాల్లో ఈ దీర్ఘం కనిపించదు కాబట్టి ఫోన్ మిమ్మల్ని క్రికెట్ వైపు లాక్కుపోతోంది. కీబోర్డు తెలుగులోకి మార్చి నాలుగు రూపాలూ విడివిడిగా వెతకండి: రావిశాస్త్రి, రావి శాస్త్రి, రాచకొండ విశ్వనాథశాస్త్రి, రాచకొండ విశ్వనాథ శాస్త్రి. మాటల మధ్య ఖాళీ ఉంటే ఒక ఫలితం, లేకపోతే ఇంకొకటి వస్తుంది. లైబ్రరీ కేటలాగుల్లోనూ ఇదే తంతు. పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెడితే మాటలు అదే వరసలో ఉన్న పేజీలే వస్తాయి.

ఇంకో జాగ్రత్త. ‘రావి’ అనే ఇంటిపేరు వేరే ఉంది. నటుడు, రచయిత రావి కొండలరావు గారిది ఆ ఇంటిపేరే. మీ ఉపయుక్త గ్రంథాల పట్టికలో కొండలరావు గారు ‘రావి’ కింద వస్తారు, రావిశాస్త్రి గారు ‘రాచకొండ’ కింద వస్తారు. ఇద్దరినీ ‘రావి’ కిందే కట్టేస్తే పేపర్ చూసే మాస్టారు మొదట ఆ తప్పే పట్టుకుంటారు. పూర్తి పేరు ముందు రాసి, కలం పేరును బ్రాకెట్లో పెట్టండి.

ప్రశ్న: స్కూల్ క్విజ్‌లో ‘టి. గోపీచంద్ ఎవరు?’ అని అడిగారు. మా అబ్బాయి సినిమా హీరో అని రాస్తే తప్పు అన్నారు, రచయిత అట. ఎవరు రైటు?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: మీ అబ్బాయి జవాబు తప్పు కాదండీ. ప్రశ్నే సరిగ్గా లేదు. త్రిపురనేని గోపీచంద్ అన్నా టి. గోపీచందే, తొట్టెంపూడి గోపీచంద్ అన్నా టి. గోపీచందే. రెండు ఇంటిపేర్లూ ఇంగ్లీషులో ఒకే అక్షరంతో మొదలవుతాయి. తెలుగులోనే పొడి అక్షరాలు రాసుకుంటే ఒకటి ‘త్రి’, ఇంకొకటి ‘తొ’. అప్పుడు గొడవే లేదు.

‘సినిమాల్లో ఉన్న గోపీచంద్’ అని ఆనవాలు ఇచ్చినా చిక్కు విడదు. త్రిపురనేని గోపీచంద్ (1910–1962) నవలా రచయిత మాత్రమే కాదు, ‘లక్ష్మమ్మ’ (1950) వంటి సినిమాలకు దర్శకుడు కూడా. సినిమాల్లో మరో గోపీచంద్ ఉన్నారు, దర్శకుడు మలినేని గోపీచంద్. ఆయన పేరు తెర మీద ‘గోపీచంద్ మలినేని’ అని ఇంటిపేరు వెనక పడుతుంది. ఇక నాలుగో ఆయన బ్యాడ్మింటన్ పుల్లెల గోపీచంద్. ప్రకాశ్ పదుకొణె 1980లో గెలిచాక ఆల్ ఇంగ్లండ్ టైటిల్ మళ్ళీ మన దేశానికి తెచ్చింది ఆయనే, 2001లో. సరిగ్గా ఆ ఏడాదే తొట్టెంపూడి గోపీచంద్ ‘తొలివలపు’తో హీరో అయ్యారు. కాబట్టి ‘2001లో వెలుగులోకి వచ్చిన గోపీచంద్’ అన్నా ఇద్దరు వస్తారు.

క్విజ్ తయారు చేసే మాస్టార్లకు మా మనవి: ఇంటిపేరు పూర్తిగా రాయండి, ఒక పని, ఒక ఏడాది జతచేయండి. ‘2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్ ఏ ఆట ఆడేవారు?’ అంటే పిల్లవాడికి ఒకటే దారి. ప్రశ్న రాశాక పేరు మీద వేలు పెట్టి మూసి మిగతాది చదవండి. అప్పటికీ మనిషి ఎవరో తెలిస్తే ప్రశ్న గట్టిది.

ప్రశ్న: తెన్నేటి పార్కు పేరులో ఉన్న విశ్వనాథం గారు, కవి విశ్వనాథ గారు ఒకరేనని మా ఆఫీసులో వాదన. సినిమా విశ్వనాథ్ గారిని కూడా కలిపేస్తున్నారు. కాస్త విడదీసి చెప్పండి.
– బ్యాంకు ఉద్యోగి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: ఇంత రుచికరమైన ముడి మన పేర్లలో ఇంకోటి దొరకడం కష్టం. విడదీసే కొద్దీ తెలుగు పేరు ఎలా కట్టుకుంటుందో అర్థమవుతుంది.

బీచ్ రోడ్డు పార్కు తెన్నేటి విశ్వనాథం గారి పేరున ఉంది. ఇంటిపేరు తెన్నేటి, పెట్టిన పేరు విశ్వనాథం. స్వాతంత్ర్య సమరయోధుడు, ప్రకాశం పంతులు గారి మంత్రివర్గ సహచరుడు, విశాఖ ఉక్కు ఉద్యమ నాయకుల్లో ముఖ్యుడు. 1967లో విశాఖ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కవి విశ్వనాథ సత్యనారాయణ గారి విషయంలో ఇది తిరగబడుతుంది. అక్కడ ‘విశ్వనాథ’ ఇంటిపేరు, సత్యనారాయణ పెట్టిన పేరు. 1970 సంవత్సరానికి జ్ఞానపీఠం అందుకున్న ఆయన. ఇద్దరూ పుట్టింది 1895లోనే. పేరుతో పాటు ఏడాది కూడా కలిసింది కాబట్టి మీ ఆఫీసు వాదనకు ఆశ్చర్యపడనక్కర్లేదు.

సినిమా దర్శకుడు కె. విశ్వనాథ్ (1930–2023) గారి ‘కె’ అంటే కాశీనాథుని. అమృతాంజనం స్థాపించి, ఆంధ్రపత్రిక నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిదీ అదే ఇంటిపేరు. ఇక్కడ ఇంకో దారి చీలుతుంది. నాగేశ్వరరావు అనగానే అక్కినేని వారు గుర్తొస్తారు, సంగీతం తెలిసినవారికి పెండ్యాల వారు గుర్తొస్తారు. పేపరు, సినిమా, పాట అని మూడు రంగాలు. అందుకే జనం పెండ్యాల, అక్కినేని అని ఇంటిపేరుతోనే పిలుచుకున్నారు. వెంకటేశ్వరరావుల విషయంలోనూ అంతే. ఘంటసాల అంటాం, గుమ్మడి అంటాం. ఇద్దరూ వెంకటేశ్వరరావులేనన్న సంగతి చాలామంది మరిచిపోయారు.

విశ్వనాథకే వద్దాం. పై జవాబులో చెప్పిన రావిశాస్త్రి గారూ విశ్వనాథుడే. ఇక కర్ణాటక బ్యాట్స్‌మన్ గుండప్ప విశ్వనాథ్‌కు అది పెట్టిన పేరు. చదరంగం విశ్వనాథన్ ఆనంద్‌కు మాత్రం ‘విశ్వనాథన్’ తండ్రి పేరు. తమిళనాట చాలామంది తండ్రి పేరును ముందు పెట్టుకుంటారు, ఇంటిపేరు వాడరు. అంటే ఒకే మాట ఒకచోట ఇంటిపేరు, ఇంకోచోట పెట్టిన పేరు, మరోచోట తండ్రి పేరు. పేరు కనిపించగానే ముందు అడగాల్సింది ‘ఇందులో ఇంటిపేరు ఏది?’ అని. దాని జవాబు తెలియకుండా ఇద్దరిని బంధువులనో, ఒకే మనిషనో అనేయకూడదు.

ఇంటిపేరు కూడా జీవితాంతం ఒకటే ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకండి. మన విశాఖలోనే పుట్టిన శ్రీశ్రీ పుట్టుకతో పూడిపెద్ది వారు. దత్తత వెళ్ళి శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యారు. శ్రీనివాసరావులు కూడా తక్కువేం కాదు, నటుడు కోట, దర్శకుడు సింగీతం ఉండనే ఉన్నారు. శ్రీరంగంలో ఒక ‘శ్రీ’, శ్రీనివాసరావులో ఒక ‘శ్రీ’ తీసుకున్న ఆ కలం పేరుతో కవిగారు గుంపులోంచి ఒక్కసారిగా విడిపడ్డారు.

ప్రశ్న: పోటీ పరీక్షల మెటీరియల్‌లో ‘సుబ్బారావు’ అని ఐదారు చోట్ల వస్తోంది. సైంటిస్టా, జడ్జా, కవా? గుర్తుపెట్టుకునే పద్ధతి చెప్పండి.
– గ్రూప్స్ అభ్యర్థి, మద్దిలపాలెం

జవాబు: ముందు మనుషుల్ని చూడండి, పద్ధతి దానంతటదే వస్తుంది.

ఎల్లాప్రగడ సుబ్బారావు (1895–1948), భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. అది 1925లో అచ్చయింది, ఫిస్క్–సుబ్బారావ్ పద్ధతిగా ల్యాబుల్లో పేరుపడింది. తరవాత లెడర్లీ అనే అమెరికా మందుల సంస్థలో ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్, క్యాన్సర్ మీద వాడిన తొలి మందుల పని ఆయన నాయకత్వంలో సాగాయి. ఇంగ్లీషు పుస్తకాల్లో ఆయన పేరు చివర ఆర్-ఎ-ఓ ఉండదు, ఆర్-ఓ-డబ్ల్యూ ఉంటుంది. మామూలు స్పెల్లింగుతో వెతికితే ఆయన పరిశోధన పత్రాలు దొరకవు. ఇంటిపేరు రాసేటప్పుడు కూడా జాగ్రత్త. ఎల్లాప్రగడ వేరు, కవిత్రయంలోని ఎర్రాప్రగడ వేరు. మెటీరియల్ అచ్చులో ల-ర తారుమారైతే శాస్త్రవేత్త కాస్తా భారతం తెనిగించిన కవి అయిపోతారు.

కోకా సుబ్బారావు, రాజమండ్రి వారు. 1966 జూన్ నుంచి 1967 ఏప్రిల్ దాకా భారత ప్రధాన న్యాయమూర్తి. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదన్న గోలక్‌నాథ్ తీర్పు 1967 ఫిబ్రవరిలో ఆయన హయాంలోనే వచ్చింది. ఆ ఏప్రిల్‌లో పదవి వదిలి జాకిర్ హుస్సేన్ మీద రాష్ట్రపతి ఎన్నికకు నిలబడ్డారు. దువ్వూరి సుబ్బారావు 1949లో ఏలూరులో పుట్టారు. 2008 సెప్టెంబరు నుంచి 2013 సెప్టెంబరు దాకా రిజర్వ్ బ్యాంక్ గవర్నర్. ఆయన పదవిలోకి వచ్చిన నెలలోనే అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది. ఈ ఆనవాలు పట్టుకుంటే ఏడాది మరిచిపోరు.

ఇక కవులు ఇద్దరు. రాయప్రోలు సుబ్బారావు (1892–1984) భావకవిత్వానికి బాట వేసినవారు. నండూరి సుబ్బారావు (1895–1957) ‘ఎంకి పాటలు’ రాసినవారు. నండూరి వారు, ఎల్లాప్రగడ వారు ఒకే ఏడాది పుట్టారని గమనించారా? పుట్టిన సంవత్సరం ఒక్కటే పట్టుకుంటే ఇక్కడ బోల్తా పడతారు.

పరీక్షలో ఆప్షన్లు ఇచ్చినప్పుడు ‘సుబ్బారావు’ను చదవకండి, ముందున్న ఇంటిపేరునే చదవండి. చదువుకునేటప్పుడు ఒక్కొక్కరికి ఒక కార్డు రాయండి. లైబ్రరీ కేటలాగు కార్డంత, అంటే 5 అంగుళాలకు 3 అంగుళాలు చాలు. పై గీత మీద ఇంటిపేరు పెద్ద అక్షరాల్లో, దాని కింద పెట్టిన పేరు, ఆ కింద ఊరు, సంవత్సరాలు, ఒకే ఒక్క పని. రెండో పని రాయాలనిపిస్తే వెనక వైపు రాయండి. ముందువైపు కిక్కిరిస్తే కార్డు పనికిరాదు. ఐదు సుబ్బారావుల కార్డులూ ఒక కట్టగా పెట్టుకుని, ఇంటిపేరు చూసి పనిని, పని చూసి ఇంటిపేరును చెప్పుకోండి. రెండోదే కష్టం, పరీక్షలో అడిగేది ఎక్కువగా అదే.

ప్రశ్న: ఆగస్టు 29న బడిలో ‘ఒకే పేరు, వేరు రంగాలు’ అనే చార్ట్ పెట్టాలనుకుంటున్నాం. ఉత్తరాంధ్ర వాళ్ళతో మొదలుపెట్టాలని ఉంది.
– తెలుగు ఉపాధ్యాయురాలు, పెందుర్తి

జవాబు: ఆ రోజుకు ఇద్దరు రామమూర్తులను మించిన జంట లేదు టీచర్ గారూ. గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టింది 1863 ఆగస్టు 29న, శ్రీకాకుళం ప్రాంతంలో. వాడుక భాష కోసం పోరాడారు, సవర భాషకు వ్యాకరణం రాశారు. కోడి రామమూర్తి నాయుడు గారు అదే ప్రాంతంలో వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు. శ్రీకాకుళంలో స్టేడియం ఆయన పేరునే ఉంది. ఇద్దరూ ఒకే కాలంలో బతికారు. ఒకరు భాషకు బలం, ఒకరు బలానికే మారుపేరు.

చార్ట్ షీటును అడ్డంగా తిప్పి, ఎడమ వైపు ఉమ్మడి పేరు, కుడివైపు దానికి చెందిన మనుషులు వచ్చేలా గీయండి. ఒక షీటుకు నాలుగు పేర్లు దాటనివ్వకండి, వెనక బెంచీ పిల్లలకు కనిపించదు. ఇంటిపేర్లకు ఒకే రంగు స్కెచ్ పెన్ వాడండి. అన్నిటికంటే ముఖ్యం ఫొటోలు. ఇంటర్నెట్లో కోడి రామమూర్తి గారి పేరు కింద వేరే మల్లయోధుల బొమ్మలూ తిరుగుతుంటాయి. రెండు నమ్మకమైన పుస్తకాల్లో ఒకే ఫొటో కనిపిస్తేనే అంటించండి, లేదంటే పేరే పెద్దగా రాయండి.

ప్రశ్న: గాయని ఎస్. జానకి, నటి షావుకారు జానకి ఒకరేనా?
– గృహిణి, అక్కయ్యపాలెం

జవాబు: వేరు వేరండీ. షావుకారు జానకి గారికి ఆ పేరు 1950లో వచ్చిన ‘షావుకారు’ సినిమా వల్ల వచ్చింది. సినిమా పేరే ఇంటిపేరుగా నిలిచిపోవడం మన తెరకు అలవాటే. ‘సాక్షి’ తరవాత సాక్షి రంగారావు గారు కూడా అలాగే ఎస్.వి. రంగారావు గారి నుంచి వేరుపడ్డారు. గాయని జానకి గారి ‘ఎస్’ శిష్ట్లా అనే ఇంటిపేరు. షావుకారును కుదించినా ఇంగ్లీషులో ‘ఎస్’ వస్తుంది కాబట్టి, నటి పేరు ఎప్పుడూ కుదించకూడదు.

ప్రశ్న: యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. నా పేరు చివర రావు. ఇంటర్నెట్లో నా పత్రాలు ఇంకెవరి పేరు మీదో చేరిపోతున్నాయి. ఏం చేయాలి?
– పరిశోధక విద్యార్థి, పెదవాల్తేరు

జవాబు: మీ యూనివర్సిటీలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఎ. చదివిన సి.ఆర్. రావు (1920–2023) ప్రపంచం మెచ్చిన గణాంక శాస్త్రవేత్త. 1945 నాటి ఆయన పత్రంలోంచే క్రామర్–రావు అసమానత పుట్టింది. సి.ఎన్.ఆర్. రావు 1934లో బెంగళూరులో పుట్టిన రసాయన శాస్త్రవేత్త, 2014లో భారతరత్న అందుకున్నారు. అంతర్జాతీయ సూచీల్లో ఇద్దరూ ‘రావు’ కిందే పడతారు, ఒక్క ‘ఎన్’ అక్షరమే తేడా. సి.ఆర్. రావు గారి అసలు ఇంటిపేరు కల్యంపూడి ‘సి’లో దాగిపోయింది. పాశ్చాత్య పద్ధతిలో చివరి మాటే ఇంటిపేరు అనుకుంటారు. మనకు ‘రావు’ ఇంటిపేరు కాదు, పేరుకు తగిలించే తోక. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మీరు చేయాల్సింది ఇది. మొదటి పత్రం పంపే ముందే పేరు రూపం ఒకటి ఖాయం చేసుకోండి. వీలైతే ఇంటిపేరు పూర్తిగా రాసి, దాన్నే చివర పెట్టండి. ఆ స్పెల్లింగు, ఆ ఖాళీలు, ఆ చుక్కలు జీవితాంతం మార్చకండి. తరవాత ఓర్కిడ్ సంఖ్య తీసుకోండి, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య. ఉచితమే. 2012 నుంచి నడుస్తోంది. 16 స్థానాలు నాలుగేసి చొప్పున ఉంటాయి, చివరి స్థానంలో అంకెకు బదులు ‘ఎక్స్’ కూడా రావచ్చు. అది పొరపాటు కాదు, సంఖ్యను సరిచూసే గుర్తు. పత్రం పంపేటప్పుడే ఆ సంఖ్య ఇవ్వండి. అచ్చయ్యాక జోడించాలంటే ఒక్కొక్కటీ చేత్తో చేర్చాలి. పాత పత్రాలు వేరేవారి ప్రొఫైల్లో ఉంటే, డేటాబేస్‌లోని సవరణ ఫారంలో డీఓఐతో, అంటే ఒక్కో పత్రానికి విడిగా ఉండే గుర్తింపు సంఖ్యతో రాయండి. పేరు మాత్రం రాసి పంపితే వాళ్ళూ అదే అయోమయంలో పడతారు.

ఈ బాధ మనకే పరిమితం కాదు. మెషిన్ లెర్నింగ్ పుస్తకాల్లో కనిపించే మైఖేల్ జోర్డాన్ బర్క్‌లీ ఆచార్యుడు. బాస్కెట్‌బాల్ జోర్డాన్ నుంచి వేరు చేసేందుకు ఆయన పేరులో మధ్య అక్షరం ‘ఐ’ ఉంటుంది. అంతకు ఎంతో ముందు, 1899లో, బ్రిటన్ విన్‌స్టన్ చర్చిల్ తన పేరే ఉన్న అమెరికా నవలాకారుడికి ఉత్తరం రాశారు. నా పుస్తకాల మీద ఇకనుంచి విన్‌స్టన్ స్పెన్సర్ చర్చిల్ అని వేసుకుంటాను అన్నారు. అప్పటికి నవలాకారుడిదే పెద్ద పేరు. ‘స్పెన్సర్’ తరవాత ‘ఎస్’గా కుదించుకుపోయి బ్రిటన్ చర్చిల్ పుస్తకాల అట్టల మీద చివరిదాకా ఉంది.

ప్రశ్న: మన వైపు ఇన్ని అప్పారావులు, అప్పలరాజులు ఎందుకు?
– పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: మీ ఊరికి కూతవేటు దూరంలోనే కారణం ఉంది. సింహాచలం వరాహ లక్ష్మీనరసింహస్వామి మన జనానికి అప్పన్న. అప్పలస్వామి, అప్పలనరసయ్య, సింహాద్రి, ఆడామగా ఇద్దరికీ పెట్టే సింహాచలం అన్నీ ఆయన మొక్కులే. అనకాపల్లి నూకాలమ్మ నుంచి నూకరాజు, నూకాలు వచ్చాయి. విజయనగరం పైడితల్లి నుంచి పైడిరాజు, పైడమ్మ వచ్చాయి. అప్పారావు మాత్రం ఉత్తరాంధ్రకే పరిమితం కాదు, నూజివీడు జమీందార్లు మేకా వారిలోనూ ఉంది. కాబట్టి 1862లో యలమంచిలి దగ్గర రాయవరంలో పుట్టిన మహాకవిని ‘గురజాడ’ అనీ, విజయనగరం చిత్రకారుడు పైడిరాజు గారిని ‘అంట్యాకుల’ అనీ ఇంటిపేరు కలిపే రాయండి.